గట్టు మీది వెదురు

షహజాదికి తొమ్మిదేళ్ళు నిండేసరికే వెదురు చీల్చడం వచ్చు. విజయవాడ వించిపేటలో వాళ్ళ నాన్న గాలిపటాలు కట్టి అమ్మేవాడు. బొంగును నిలువునా చీల్చి, నున్నగా గీకి, ఆ పుల్లను రెండు చేతుల మధ్య వంచి చూసేవాడు. రెండు పక్కలా ఒక్కలాగే వంగితే పటానికి, లేకపోతే పొయ్యిలోకి. "కత్తిని నువ్వు తొయ్యకూడదే. వెదురు ఎటు చీలుద్దో అటు పోనియ్యాలి" అనేవాడు. ఒకనాడు ఆ మాట వినకుండా విసురుగా తోసింది. ఎడమ బొటనవేలు ఎముక దాకా తెగింది. ఆయన వేలికి గుడ్డ చుట్టి, నెత్తురు ఆగిందాకా పట్టుకుని కూర్చుని, ఆగాక చెంప ఛెళ్ళుమనిపించాడు. "ఈ పిల్లకి ముక్కు మీదే కోపం. ఎవరి పోలికో చెప్పక్కర్లేదు" అంది వాళ్ళమ్మ, మొగుడి వంక చూస్తూ.

పందొమ్మిదో ఏట ఆమెను ఉయ్యూరు దగ్గర కాలవ పక్క పల్లెకి ఇచ్చారు. భర్త హుమాయూన్ ఉయ్యూరులో స్కూటర్లు బాగుచేసే మెకానిక్కు; నోట్లో నాలుక లేని మనిషి. ఇంటి వెనక కాలవ గట్టు దాకా నలభై సెంట్ల దొడ్డి. అందులో అత్త మస్తాన్‌బీ దొండ, బీర, కాకర పందిళ్ళు వేసేది. పట్నం పిల్ల మట్టిలో చెయ్యి పెడుతుందా అని ఊళ్ళో నవ్వారు గాని, రెండేళ్ళు తిరిగేసరికి ఏ పందిరి అత్త వేసిందో ఏది కోడలు వేసిందో పోల్చుకోలేకపోయారు.

పందిళ్ళకు అప్పట్లో అడితి నుంచి సరుగుడు కర్రలు తెచ్చేవాళ్ళు. షహజాదికి ముప్ఫై నాలుగేళ్ళప్పుడు వచ్చిన కర్రలు పైకి నున్నగానే ఉన్నాయి, లోపల మాత్రం చెద తినేసింది. ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన ముంచుకొచ్చింది. నిండు కాపు మీదున్న దొండ పందిరి కింద మస్తాన్‌బీ ఆదరాబాదరాగా కాయలు కోస్తోంది. ఒక్క ఊపుకి మూల గుంజ విరిగింది. దాని వెనకే వరసగా అన్నీ పటపటమన్నాయి. తీగా కాయా ఇనప వైరూ కలిసి పందిరి మొత్తం ఆమె మీద కూలింది. విరిగిన కర్ర ఒకటి పక్కటెముకల కింద దిగబడింది.

షహజాది వీపుతో పందిరిని ఎత్తి, కొడవలితో తీగలు కోసుకుంటూ లోపలికి పాకింది. అత్త కళ్ళు తెరిచే ఉన్నాయి. "లాగకే, లాగకే" అంటోంది. ఆమె లాగలేదు. పైనున్న ముక్కను విరిచేద్దామని పట్టుకుంటే, కర్ర చేతిలో పిండిలా రాలింది. నెత్తుట్లో తడిసిన ఆ పిండి గోళ్ళ సందుల్లో ఇరుక్కుపోయింది. మస్తాన్‌బీ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి కన్నుమూసింది.

మూడోనాటి ఫాతిహా అయ్యాక షహజాది దొడ్లో ఉన్న కర్రలన్నీ పీకి పోగేసి తగలబెట్టింది.

"ఈ దొడ్లోకి ఇక బయటి కర్ర ఒక్కటి రాకూడదు. నా తీగలకి కర్రలు నేనే పెంచుకుంటాను."

"కర్రలు పెంచడమేంటి?" అన్నాడు హుమాయూన్. "కర్ర అవ్వడానికి ఏళ్ళు పట్టుద్ది గదా."

"పట్టనివ్వండి."

ముందు అవిశె విత్తనాలు పెట్టింది. మూడు నెలల్లో మనిషెత్తు లేచే ఆ మొక్కలనే గుంజలుగా చేసుకుని వాటి మీదికి బీర తీగలు పాకించింది. బరువు మోసే మూల గుంజల కోసం సుబాబుల్ నాటింది. అసలు కావలసింది వెదురు. లాకుల దగ్గర కాలవ పూడిక తీస్తూ పెకలించి పారేసిన గట్టి వెదురు దుంపలు మూడింటిని హుమాయూన్ స్కూటరు వెనక కట్టుకుని తెచ్చాడు.

పక్క చేను నాగబాబుది. అతనూ భార్య పద్మశ్రీ ఎకరంన్నరలో చెరుకు వేసి ఉయ్యూరు ఫ్యాక్టరీకి తోలేవాళ్ళు. రెండు నేలలకీ ఒకటే గట్టు. దాని మీద వెదురు పెట్టుకుంటానని షహజాది అడిగితే, నాగబాబు పలుగు తెచ్చి మూడో గొయ్యి తనే తవ్వాడు. "నాటమ్మా, మాక్కూడా గాలికి అడ్డం ఉంటుంది" అన్నాడు.

ఐదేళ్ళ దాకా ఆమె పొద మీద కత్తి పెట్టలేదు. ఆ తరవాత ఏటా ఎండాకాలం ముందు, మూడేళ్ళు నిండిన బొంగులను మాత్రం ఏరి, నేల మీది మొదటి కణుపుకు కాస్త పైన కోసేది. లేత పిలకల జోలికి పోయేది కాదు. కోసినవి కట్టలు కట్టి కాలవ నీళ్ళలో మూడు వారాలు ముంచేది. వెదురులో తీపి దిగిపోతే పురుగు పట్టదు. ఆనక నీడలో నిలబెట్టి ఆరబెట్టి, మట్టిలోకి దిగే మూరెడు మేరా హుమాయూన్ షాపు నుంచి తెచ్చిన కాలిన ఆయిలు పూసేది. ఒకసారి పాతితే నాలుగేళ్ళు కదిలేవి కావు. తుఫాను వచ్చిన ఏడాది ఊళ్ళో పందిళ్ళన్నీ బొక్కబోర్లా పడితే ఆమెది ఒక్కటే నిలబడింది. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిలకల కోసం వచ్చేవాళ్ళు. "కర్రల షహజాది ఇల్లెక్కడండీ?" అని అడుగుతుంటే లోపల్నుంచి విని నవ్వుకునేది.

అయితే వెదురు గట్టు మీదే ఆగలేదు. పదేళ్ళకి మూడు దుంపలూ కలిసిపోయి ఒక గదంత పొద అయింది. వేళ్ళు నాగబాబు చేలోకి పది అడుగులు చొచ్చుకుపోయాయి. మధ్యాహ్నం మూడైతే నాలుగు సాళ్ళ చెరుకు నీడలో పడేది. ఆ సాళ్ళు పీలగా, ఎండిన గడ్డిలా ఉండేవి.

"షాజాదమ్మా, మా పక్కన నడుంలోతు కందకం తీయించు. వేళ్ళు ఆగుతాయి" అన్నాడు నాగబాబు.

"అలాగే అన్నయ్యగారూ. ఈ కోత అవ్వనివ్వండి."

ఆ కోత అయింది. ఇంకో కోత అయింది. మూడేళ్ళు ఆమె అదే మాట చెప్పింది. కందకం తవ్వితే ఆ పక్క దుంపలు తెగుతాయి. లావుపాటి బొంగులన్నీ ఆ పక్కే ఉన్నాయి. అది ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు.

నాలుగో ఏడు అతను అడగడం మానేశాడు. ఒక పొద్దున చూస్తే పొదకు అటువైపు ఆకంతా మాడిపోయి ఉంది. కలుపుమందు వాసన గుప్పున కొట్టింది. షహజాది గట్టు దిగి, చెరుకు తీసేసి అతను కొత్తగా వేసుకున్న పసుపు మళ్ళో రెండు సాళ్ళు పీకి గట్టు మీద పరిచింది. పద్మశ్రీ పరుగెత్తుకొచ్చింది.

"అక్కా అక్కా అని మా ఇంట్లో తిని, నా పైరు పీకుతావా!"

జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. మడిలో పడి దొర్లారు. షహజాది పద్మశ్రీ ముంజేతిని పళ్ళు దిగేలా కొరికింది. పద్మశ్రీ చేతికి దొరికిన మట్టిగడ్డతో ఆమె పెదవి చితక్కొట్టింది. ఊరి పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి, సర్వేయరుని పిలిచి గట్టు కొలిపిద్దాం అన్నారు. ఆ మాట అక్కడితో సరి.

ఫిబ్రవరిలో ఒకనాడు పొద్దున్నే దొండ పందిరికి నీళ్ళు పెట్టి షహజాది ఇంట్లోకి వెళ్ళింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే పందిరి మీది ఆకంతా వడిలి వేలాడుతోంది. కూర్చుని ఒక్కో పాదూ తడిమింది. అరవై రెండు పాదులు. అరవై రెండూ మొదట్లో తెగి ఉన్నాయి. పైన కాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"స్టేషనుకి పోదాం" అన్నాడు హుమాయూన్.

"కోస్తుంటే చూశారా అంటారు. ఏం చెబుతాం?"

"మరి ఊరుకుంటావా?"

ఆమె లేచి దొడ్లోకి పోయింది. ఆ నెలంతా అన్నం సరిగ్గా తినలేదు. పందిరి కింద కూర్చుని ఎండిన తీగలను ఒక్కొక్కటే విప్పుతూ, మనసులో నాగబాబుని రోజుకొక రకంగా చంపింది. ఈ సంగతి తరవాత ఆమే ఒప్పుకుంది.

మార్చి పదో తారీకు, పొద్దున పదకొండు గంటల వేళ కాలవ గట్టు మీద నుంచి జేసీబీ దిగింది. దాని ముందు నాగబాబు నడుస్తున్నాడు, చేతిలో కొబ్బరి మట్టలు నరికే కత్తి. హుమాయూన్ ఉయ్యూరులో ఉన్నాడు. షహజాది కాలవలో నాననిచ్చిన కర్రలను అప్పుడే గట్టున వేసి కట్టు విప్పుతోంది.

ఆమె అరిచేలోపే జేసీబీ తొట్టి పొద మొదట్లో దిగింది. పచ్చి బొంగులు టపాకాయల్లా పేలాయి. రెండోసారి తొట్టి లేచేసరికి దుంపలు వేళ్ళతో సహా గాల్లో వేలాడాయి. ఆమె పరుగెత్తి తొట్టి కింద నిలబడింది. డ్రైవరు బండి ఆపేశాడు.

"ఈవిడ్ని తప్పించండి బాబూ. మనిషి మీదికి నేను తోలను."

"తప్పుకో" అన్నాడు నాగబాబు.

"తప్పుకోను. ముందు నన్ను తవ్వి పోయించండి."

"మూడేళ్ళు బతిమాలాను గదే నిన్ను! మూడేళ్ళు! నా చేలో నాకు దిక్కు లేదా?"

జుట్టు పట్టుకుని ఈడ్చి, జేసీబీ తవ్విన గోతిలోకి విసిరేశాడు. అందులో చీలిన బొంగులు ఈటెల్లా నిలబడి ఉన్నాయి. ఒకటి ఆమె తొడలో దిగింది. ఆమె దాన్ని లాగి పారేసి, పాక్కుంటూ పైకొచ్చి అతని కాలు పట్టుకుంది. కత్తి కిందికి వచ్చింది. అడ్డం పెట్టిన ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా తెరుచుకుంది. కావాలని విసిరాడో, కాలు విదిలించుకోబోతూ తగిలించాడో ఆమెకు ఈనాటికీ తెలియదు.

ఆమె వెనక్కి తూలి కర్రల మీద పడింది. లేచేటప్పుడు చేతిలో ఒక కర్ర ఉంది. మూడు వారాలు నానిన వెదురు, ఇనుమంత బరువు. మొదటి దెబ్బ అతని మణికట్టు మీద పడింది. కత్తి ఎగిరి గోతిలో పడింది. "అమ్మా!" అని అతను చెయ్యి పొట్టకు నొక్కుకుని ముందుకు వంగాడు.

అప్పుడు ఆమెకు అతని నడినెత్తి కనిపించింది. జుట్టు పల్చబడి, చెమటతో మెరుస్తోంది. కర్ర కింద పడేయొచ్చు. పడేయలేదు. తెగిన చెయ్యీ తెగని చెయ్యీ రెండూ కలిపి కర్రను పైకెత్తి ఆ నడినెత్తి మీద కొట్టింది.

నాగబాబు మాట లేకుండా బోర్లా పడ్డాడు. డ్రైవరు ఇంజను ఆపకుండానే దూకి గట్టెక్కి పరుగు తీశాడు. ఆ ఇంజను అలా మోగుతూనే ఉంది. ఆ చప్పుడులో షహజాది మోకాళ్ళ మీద కూలబడి, అతన్ని వెల్లకిలా తిప్పింది. ముక్కులోంచి నెత్తురు కారుతోంది. తల మీద అరచెయ్యి పెట్టి నొక్కితే వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా పొంగింది. పైట చింపి కుక్కింది. చేలోంచి పద్మశ్రీ కేకలు పెడుతూ వచ్చింది.

రోడ్డు మీద సొలొమోను ట్రాలీ ఆటో ఉంది. ఊళ్ళో కూరగాయలు ఎక్కించుకుని పోయేది అతనే. "అంబులెన్సు వచ్చేదాకా ఆగుద్దా ఈ తల? బెజవాడ పోదాం, ఎక్కించండి" అని గంపలన్నీ రోడ్డు మీద దించేశాడు.

ట్రాలీలో నాగబాబు తల షహజాది ఒళ్ళో ఉంది. ఆమె రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. ఆమె చేతి నెత్తురూ అతని తల నెత్తురూ కలిసిపోయి చీరంతా అట్టకట్టింది. ఎదురుగా పద్మశ్రీ అతని కాళ్ళు పట్టుకుని కూర్చుంది. కంకిపాడు దాటాక ఉన్నట్టుండి చెప్పు తీసి షహజాది మొహం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. బుగ్గ మీద, చెవి మీద, నెత్తి మీద. షహజాది తల వంచింది తప్ప చేతులు తియ్యలేదు.

"తల వదలకే! వదిలావంటే ఇక్కడే చంపుతాను నిన్ను!" అని అరుస్తూ పద్మశ్రీ కొడుతూనే ఉంది.

"వదల్ను" అంది షహజాది. "కొట్టండి. వదల్ను."

బెంజ్ సర్కిల్ దగ్గర బండి ఆగిపోయింది. ముందూ వెనకా బస్సులూ కార్లూ. పక్కన స్కూటరు మీదున్న ఒకతను ఫోను తీసి వీడియో పట్టుకోబోతే, పద్మశ్రీ ఆ చెప్పు అతని మీదికి విసిరింది. సొలొమోను దిగి, కార్ల బానెట్లను అరచేత్తో బాదుతూ దారి చేశాడు. నాగబాబు ఒకసారి కళ్ళు తెరిచాడు. షహజాది మొహంలోకి సూటిగా చూసి, ఏదో అడగబోయి, ఆమె ఒళ్ళోనే వాంతి చేసుకున్నాడు.

ఆసుపత్రిలో అతన్ని స్ట్రెచర్ మీద లోపలికి తోసుకుపోయారు. ఆడవాళ్ళిద్దరూ బయట నిలబడ్డారు. "ఈవిడ మీకేమవుతారమ్మా?" అని నర్సు అడిగింది.

"కొట్టింది ఇదే" అంది పద్మశ్రీ.

నర్సు ఒక అడుగు వెనక్కి వేసింది. తరవాత షహజాది చెయ్యి చూసి, పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. చేతికీ తొడకీ కలిపి పందొమ్మిది కుట్లు పడ్డాయి. కుట్లు అయ్యాక ఆమె గేటు పక్కనున్న పోలీసు దగ్గరికి నడిచి వెళ్ళి, పేరూ ఊరూ చెప్పి, "తల పగలగొట్టానండీ" అంది.

రాజమండ్రి మహిళా జైల్లో ఇరవై ఆరు రోజులు ఉంది. అక్కడ తోటివాళ్ళు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పేది. "కత్తితో వచ్చాడు గదా, కొట్టక ఏం చేస్తావు?" అనేవాళ్ళు. మొదటి దెబ్బ గురించి ఆమెకు ఏ బెంగా లేదు. అలాంటిదే రేపు జరిగినా మళ్ళీ కొడుతుంది. రెండో దెబ్బే మింగుడుపడలేదు. కత్తి పడిపోయింది. మనిషి వంగిపోయాడు. ఆ క్షణంలో తనకు భయం లేదు. ఉన్నది సంతోషం.

బెయిలు మీద ఇంటికొచ్చిన మర్నాడే పలుగూ పారా తీసుకుని గట్టు అవతలికి దిగింది. సగం పొదను జేసీబీ అప్పటికే పెకలించేసింది. మిగిలిన సగానికి నాగబాబు చేను పక్కన కందకం తవ్వడం మొదలుపెట్టింది. అడ్డమొచ్చిన దుంపనల్లా గొడ్డలితో నరికింది. తను పదమూడేళ్ళు సాకిన దుంపలు; ఒక్కోటి పిల్లవాడి తలంత ఉంది. మానీ మానని చెయ్యి మళ్ళీ నెత్తురు కక్కింది. హుమాయూన్ పార లాక్కోబోతే కసిరి పంపేసింది. ఐదు రోజులకు నడుంలోతు అయింది. పద్మశ్రీ తన గుమ్మంలోంచి రోజూ చూసింది. ఆఖరి రోజు వచ్చి, కందకంలోకి కాండ్రించి ఉమ్మేసి వెళ్ళిపోయింది.

రెండు నెలలకి నాగబాబు ఇంటికొచ్చాడు. కుడిచెయ్యి లేవదు. మాటలు ఒకదాని బదులు ఒకటి వచ్చి, "నీళ్ళు" అనబోయి "నిప్పులు" అంటాడు. అప్పుడు తనకే కోపమొచ్చి గోడకు తల కొట్టుకుంటాడు. ఆ చప్పుడు గట్టు ఇవతలికి వినపడేది.

ఒక్కత్తీ ఎకరంన్నర చెయ్యలేక పద్మశ్రీ చేనును కౌలుకిచ్చి, ఇంటి పక్కన పాతిక సెంట్లు మాత్రం ఉంచుకుని దొండ పెట్టింది. తీగ మూరెడు పెరిగినప్పుడు ఒక పొద్దున కొడవలి పట్టుకుని కందకం దాటి వచ్చింది. షహజాదిని పలకరించలేదు. తిన్నగా పొద దగ్గరికి పోయి, ఎదురుగా ఉన్న బొంగును నరకడం మొదలుపెట్టింది.

షహజాది కాసేపు చూసింది. "అది ఈ ఏడాదిదండీ, లేతది. ఆరితే ముడుచుకుపోద్ది" అంది.

"నీ పాఠాలు నాకొద్దు."

"పాఠం కాదు. కాపు మీద అది విరిగితే మీ మీదే పడుద్ది పందిరి. పక్కది చూడండి, కణుపుల మీద బూడిదరంగు వచ్చింది. అది ముదురు."

పద్మశ్రీ చేతిలో కొడవలి ఆగింది. మస్తాన్‌బీని పందిరి కింద నుంచి మోసుకొచ్చిన వాళ్ళలో ఆమె కూడా ఉంది. కొంచెంసేపటికి పక్క బొంగు పట్టుకుంది.

"నిన్ను క్షమించానని అనుకోకు. నాకు కర్రలు కావాలి, అంతే."

"అనుకోనండి."

ఇద్దరూ పొదకు చెరో పక్క నిలబడి కోశారు. ఎండ ముదిరేవేళకి నలభై బొంగులు పడ్డాయి. షహజాది వంగి కట్టలు కడుతోంది. నాగబాబు ఎప్పుడు గట్టెక్కాడో ఇద్దరూ చూడలేదు. ఎడం చేత్తో ఒక బొంగు తీసుకున్నాడు. ఊపిరి బరువుగా తీస్తున్న చప్పుడుకి షహజాది తలెత్తింది. కర్ర ఆమె భుజం మీద పడింది. మెడ కింది ఎముక విరగడం ఆమెకే వినపడింది.

మోకాళ్ళ మీద పడింది. చేతికందే దూరంలో నలభై కర్రలున్నాయి. కుడిచెయ్యి బాగానే ఉంది. ఆమె ఆ చేతిని నేలకు ఆనించి అలాగే ఉండిపోయింది. నాగబాబు మళ్ళీ కర్ర ఎత్తాడు. బొంగు చివర గాలిలో వణుకుతోంది. నోరు తెరిచి ఏదో అంటున్నాడు. మాట రావడం లేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి.

పద్మశ్రీ వచ్చి కర్ర పట్టుకుంది. "చాలు. రండి, ఇంటికి పోదాం" అంది. అతను వదల్లేదు. ఇద్దరూ ఆ కర్రకు చెరోవైపు వేలాడుతూ కాసేపు పెనుగులాడారు. ఆఖరికి అతను కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రం భుజానికి కట్టుతో మంచం మీదున్న భార్యతో హుమాయూన్ అన్నాడు: "ఈసారి మనం కేసు పెడదాం. అప్పుడు ఆ కేసూ ఈ కేసూ కలిపి రాజీ చేసేస్తారు."

"ఆయనది ఒక్క దెబ్బ" అంది షహజాది. "నాకు ఎన్ని పడినా లెక్క సరిపోదు, వదిలెయ్యండి."

రెండేళ్ళకు కేసు విచారణకొచ్చింది. వకీలు వెంకటకృష్ణారావు గారు ముందురోజు ఆమె చేత నాలుగుసార్లు చెప్పించారు. "కత్తితో నరికాడు, ప్రాణభయంతో కర్ర ఊపాను, ఎక్కడ తగిలిందో తెలియదు. అంతే. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడొద్దమ్మా. చెయ్యి మీద మచ్చ చూపించు."

పద్మశ్రీ బోనెక్కి, తన భర్త చేతిలో కత్తి ఉందో లేదో తను చూడలేదని చెప్పింది. చూసిందని షహజాదికి తెలుసు. ఆ రోజు బండెక్కే ముందు గోతిలోంచి కత్తి తీసి కాలవలో పారేసింది ఆమేనని సొలొమోను చెప్పాడు. షహజాదికి కోపం రాలేదు. తనే అక్కడ ఉంటే అంతకంటే పెద్ద అబద్ధం ఆడేది.

తన వంతు వచ్చింది. చెయ్యి చూపించింది. కత్తి సంగతి చెప్పింది, మొదటి దెబ్బ సంగతి చెప్పింది. జడ్జిగారు రాసుకుంటున్నారు. వెనక బల్ల మీద నాగబాబు కూర్చుని, గుండీలు పెట్టుకోలేక వదిలేసిన చొక్కాతో, నోరు కొంచెం తెరిచి ఆమెనే చూస్తున్నాడు.

"తరవాత?" అన్నారు జడ్జిగారు.

"తరవాత కత్తి పడిపోయిందండీ. ఆయన వంగిపోయాడు. నేను మళ్ళీ కొట్టాను."

వకీలు గారు చేతిలో కాగితం బల్ల మీద పడేశారు.

"ఎందుకు కొట్టావు?"

"కొట్టాలనిపించిందండీ."

ఏడాది శిక్ష పడింది. వకీలు గారు పై కోర్టులో అప్పీలు చేస్తామని చెప్పి ఆ రోజే బెయిలు ఇప్పించారు గాని, ఆమెతో మాత్రం మాట్లాడలేదు. హుమాయూన్ స్కూటరు తీశాడు. పటమట దాటారు, పోరంకి దాటారు. కంకిపాడులో టీ కొట్టు దగ్గర ఆపి రెండు టీలు చెప్పాడు. తనది రెండు గుక్కలు తాగాడు. ఉన్నట్టుండి ఆ గాజు గ్లాసును రోడ్డు మీద విసిరికొట్టాడు. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో అతను ఒక వస్తువు పగలగొట్టడం ఆమె చూడటం అదే మొదలు. టీ కొట్టువాడు నోరు తెరుచుకుని చూశాడు.

"నీ మనసు తేలికపడింది. మంచిది" అన్నాడు. "ఏడాది నువ్వు లోపలుంటే, ఆ ఇంట్లో నేనేం చెయ్యాలి? ఆ మాట అనేముందు ఒక్కసారి నా వంక చూశావా?"

చూడలేదు. కోర్టులో ఉన్నంతసేపూ అతను తలుపు పక్కన నిలబడ్డాడని కూడా ఆమెకు ఇప్పుడే తట్టింది. తన గ్లాసు అతని చేతికిచ్చింది. అతను దాన్ని కూడా విసిరేస్తాడనుకుంది. విసరలేదు. రోడ్డు వంక చూస్తూ నెమ్మదిగా తాగాడు. తాగి, పగిలిన ముక్కలు చెప్పుతో పక్కకు నెట్టి, కొట్టువాడికి క్షమాపణ చెప్పి, స్కూటరు స్టాండు తీశాడు.

"ఎక్కు" అన్నాడు.